పాత ఎంజీ కొనాలనుకుంటున్నారా? జెడ్‌ఆర్, జెడ్‌ఎస్, జెడ్‌టీలలో ఎవరికి ఏది సరిపోతుంది

మన ఊళ్ళలో ఎంజీ అంటే హెక్టర్, లేకపోతే జెడ్‌ఎస్ ఈవీ. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకి మాత్రం అప్పుడప్పుడూ రోడ్డు మీద ఇంకో రకం ఎంజీ కనిపిస్తుంది. కిందికి దిగిన బంపరు, వెనక పెద్ద స్పాయిలరు, కళ్ళు చెదిరే పసుపో నీలమో రంగు, నంబర్ ప్లేటు మీద 02, 53, 54 లాంటి అంకెలు. అవి 2001 నుంచి 2005 దాకా బర్మింగ్‌హామ్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో తయారైన జెడ్ వరుస కార్లు. ధర తక్కువ, చూడ్డానికి బాగుంటాయి, నడిపితే ఇంకా బాగుంటాయి. అందుకే వీకెండ్‌కి ఒక సరదా బండి కావాలనుకునే వాళ్ళ కళ్ళు వీటి మీద పడుతుంటాయి. మూడు మోడళ్ళు, ఒక్కోదానికి నాలుగైదు ఇంజిన్లు ఉండేసరికి ఏది కొనాలో తేల్చుకోలేక ఆగిపోతుంటారు.

ఈ కార్ల పుట్టుక తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. 2000లో బీఎండబ్ల్యూ రోవర్‌ని వదిలించుకుంది. ఫీనిక్స్ అనే కన్సార్షియం దాన్ని పది పౌండ్లకు తీసుకుంది. కొత్త కారు మొదటి నుంచీ తయారుచేసేంత డబ్బు వాళ్ళ దగ్గర లేదు. అప్పటికే ఉన్న మూడు రోవర్లను తీసుకుని, సస్పెన్షన్ బిగించి, స్టీరింగ్ చురుగ్గా చేసి, ఎంజీ బ్యాడ్జీ పెట్టారు. రోవర్ 25 జెడ్‌ఆర్ అయింది, 45 జెడ్‌ఎస్ అయింది, 75 జెడ్‌టీ అయింది. పై రూపం దిద్దింది పీటర్ స్టీవెన్స్. మెక్‌లారెన్ ఎఫ్1 రూపం ఆయనదే. పెద్దవాళ్ళు నిదానంగా నడుపుకునే కార్లకి ఇంత తక్కువ ఖర్చులో ఇంత ప్రాణం పోయడం చిన్న పని కాదని నా అభిప్రాయం. 2005 ఏప్రిల్‌లో కంపెనీ కుప్పకూలింది. ఎంజీ పేరు చైనా చేతికి వెళ్ళింది. ఇవాళ్టి ఎంజీ షోరూముకీ ఈ కార్లకీ పేరు తప్ప సంబంధం లేదు.

ఒక చిన్న జాగ్రత్త. ఆన్‌లైన్‌లో జెడ్‌ఎస్ అని వెతికితే ఇప్పటి ఎస్‌యూవీలే వరుసగా వస్తాయి. సంవత్సరం 2001 నుంచి 2005 అని ఫిల్టర్ పెట్టుకోండి.

## ముందు వేటిని కొలతగా పెట్టుకోవాలి

చాలామంది హార్స్‌పవర్‌తో మొదలుపెడతారు. ఇరవై ఏళ్ళు దాటిన కారు విషయంలో అది చివర చూడాల్సిన సంగతి. ఇంజిన్ చల్లబడే ఏర్పాటు ఎలా ఉంది, పాత ఓనర్లు దాన్ని ఎలా చూసుకున్నారు అన్నదే మొదటి కొలత. ఈ కార్లలో ఎక్కువ శాతం రోవర్ కె-సిరీస్ ఇంజిన్‌తో నడుస్తాయి. ఆ ఇంజిన్ పేరు చెప్పగానే బ్రిటన్‌లో ఏ మెకానిక్ అయినా అనే మాట హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య వేసే సీలు. అది తరచుగా పాడవుతుంది.

ఆ జబ్బు ఎందుకొస్తుందో కొంచెం వివరంగా చెప్తాను. కె-సిరీస్ చాలా తేలికైన అల్యూమినియం ఇంజిన్. హెడ్డు, బ్లాకు, కింది భాగం అన్నిటినీ పొడవాటి బోల్టులు పై నుంచి కింది దాకా కలిపి పట్టుకుంటాయి. లోపల తిరుగుతూ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు, అంటే కూలెంట్, చాలా తక్కువ. కాబట్టి ఎక్కడో ఒకచోట, ఎక్కువగా ఇన్‌లెట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర, బొట్టు బొట్టుగా కారినా ఇంజిన్ తొందరగా వేడెక్కిపోతుంది. మొదట్లో హెడ్డును సరిగ్గా కూర్చోబెట్టడానికి ప్లాస్టిక్ డవల్స్ వాడారు, తర్వాత స్టీలువి పెట్టారు. 1.4 లీటర్ల ఇంజిన్‌లో ఈ బాధ తక్కువ. 1.8లో ఎక్కువ. 1.8కి టర్బో తగిలించి బరువైన జెడ్‌టీలో పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ.

మందు లేని జబ్బేమీ కాదు. పలుచటి స్టీలు పొరలతో చేసిన గాస్కెట్, స్టీలు డవల్స్, కొత్త బోల్టులు, గట్టిపరిచిన ఆయిల్ రైలు వేసి, లైనర్ల ఎత్తు కొలిచి చేసిన రిపేరు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాబట్టి "హెడ్ గాస్కెట్ ఎప్పుడూ పోలేదండీ" అనే ఓనరు కంటే "పోయింది, ఇదిగో బిల్లు, ఏమేం మార్చారో ఇందులో ఉంది" అనే ఓనరు దగ్గర కొనమని నా సలహా.

రెండో కొలత టైమింగ్ బెల్టు, అంటే ఇంజిన్ వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీ. మూడోది తుప్పు. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఇరవై ఏళ్ళుగా కారు కింద పేరుకుంటూనే ఉంటుంది. నాలుగోది మీ సొంత పరిస్థితి: లైసెన్స్, ఇన్సూరెన్స్, ఇల్లు ఏ నగరంలో ఉంది అన్నవి. ఈ నాలుగో కొలతే చాలామంది ఎంపికను మార్చేస్తుంది. దాని గురించి కింద విడిగా రాశాను.

| | జెడ్‌ఆర్ 105 | జెడ్‌ఆర్ 160 | జెడ్‌ఎస్ 180 | జెడ్‌టీ 190 |
|---|---|---|---|---|
| ఇంజిన్ | 1.4, నాలుగు సిలిండర్లు | 1.8 వీవీసీ, నాలుగు సిలిండర్లు | 2.5 వీ6 | 2.5 వీ6 |
| హార్స్‌పవర్, సుమారు | 103 | 160 | 177 | 190 |
| హెడ్ గాస్కెట్ భయం | తక్కువ | ఎక్కువ | తక్కువ | తక్కువ |
| బెల్టు ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |
| తుప్పు | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | కొంచెం నయం |
| పెట్రోలు ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ |
| కుటుంబంతో ప్రయాణం | ఇరుకు | ఇరుకు | సర్దుకోవచ్చు | హాయిగా |
| మలుపుల్లో సరదా | బాగుంటుంది | బాగుంటుంది | చాలా బాగుంటుంది | బాగుంటుంది |

## జెడ్‌ఆర్: చిన్నది, చురుకైనది

మూడు డోర్లు లేదా ఐదు డోర్ల హ్యాచ్‌బ్యాక్. బరువు తక్కువ కాబట్టి 105 కూడా పట్నంలో చలాకీగా పరిగెడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు దీన్ని ఎక్కువగా కుర్రవాళ్ళే కొన్నారు. ఆ సంగతి ఇప్పటికీ కార్ల మీద కనిపిస్తుంది. మార్చిన సైలెన్సర్లు, మరీ కిందికి దించిన స్ప్రింగులు, డ్యాష్‌బోర్డు కోసి పెట్టిన స్పీకర్లు. అలాంటివి ఎంత చవకగా వచ్చినా వద్దు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న జెడ్‌ఆర్‌లు ఏటికేడు తగ్గిపోతున్నాయి, విలువ వాటికే.

160లో ఉన్న వీవీసీ అనే ఏర్పాటు ఇన్‌లెట్ వాల్వులు తెరుచుకునే వ్యవధిని ఇంజిన్ వేగాన్ని బట్టి మారుస్తుంది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక ఇంజిన్ గొంతే మారిపోతుంది, అది విని తీరాల్సిన శబ్దం. అయితే దీనికి ముందు ఒక బెల్టు, వెనక ఇంకో చిన్న బెల్టు ఉంటాయి. ముందుది మార్చి వెనకది వదిలేసిన కార్లు ఉంటాయి. బిల్లులో రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. వీవీసీ లోపలి భాగాలు అరిగితే హెడ్డు పై నుంచి డీజిల్ బండిలా టకటకమని చప్పుడొస్తుంది. ఆ భాగాలు ఇప్పుడు అంత తేలిగ్గా దొరకవు, కాబట్టి ఆ చప్పుడు వినపడితే బేరం దాకా కూడా వెళ్ళొద్దు.

తుప్పు వెనక చక్రాల పైన ఉండే ఆర్చీల దగ్గర, డోర్ల కింది సిల్స్ దగ్గర పడుతుంది. బూటులో కార్పెట్ ఎత్తి, స్పేర్ టైరు గుంటలో చెయ్యి పెట్టి చూడండి. వెనక లైట్ల సీలు పోతే అక్కడే నీళ్ళు నిలుస్తాయి.

మధ్యలో 120 అని ఒకటుంది. 1.8 ఇంజిన్‌కున్న గాస్కెట్ భయం మొత్తం ఉంటుంది, 160లో ఉన్న ఉత్సాహం ఉండదు. నేనైతే దాన్ని వదిలేస్తాను.

## జెడ్‌ఎస్: చాలామందికి తెలియని మంచి బండి

ఈ మూడింటిలో నాకు బాగా నచ్చేది ఇదే. రోవర్ 45 అసలు హోండాతో పొత్తులో పుట్టిన కారు. దాని కింద ఉన్నది ఆ కాలపు సివిక్ కుటుంబం వాడిన సస్పెన్షన్, నాలుగు చక్రాలకీ విడివిడిగా. రోవర్ దాన్ని మెత్తగా వదిలేసింది. ఎంజీ ఇంజినీర్లు గట్టి స్ప్రింగులు, డాంపర్లు, చురుకైన స్టీరింగ్ పెట్టేసరికి లోపల ఇన్నాళ్ళూ దాగి ఉన్న గుణం బయటికొచ్చింది. వేల్స్ కొండదారుల్లోనో, పీక్ డిస్ట్రిక్ట్‌లోనో వరస మలుపుల్లో ఈ కారు స్టీరింగ్ చెప్పే కబురు చేతులకి స్పష్టంగా తెలుస్తుంది. ముందు చక్రాలు ఎక్కడ పట్టు వదలబోతున్నాయో కాస్త ముందే చెప్తుంది. కొత్త కార్లలో ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి అలవాటుపడ్డ వాళ్ళకి ఇది వేరే లోకంలా ఉంటుంది. 2001 నుంచి బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో ఎంజీ పోటీకి దింపింది కూడా జెడ్‌ఎస్‌నే, ఆంథనీ రీడ్ లాంటి వాళ్ళు నడిపారు.

180లో 2.5 లీటర్ల వీ6 ఉంటుంది. అంత చిన్న కారులో ఆరు సిలిండర్ల ఇంజిన్ ఆ రోజుల్లోనే అరుదు. సున్నా నుంచి గంటకు 60 మైళ్ళ వేగానికి ఏడున్నర సెకన్లలోపే చేరుతుంది. అంకెల కన్నా దాని శబ్దం, గేరు మార్చకుండానే లాగే తీరు ఎక్కువ ఆనందాన్నిస్తాయి.

ఇక కష్టాలు. ఈ వీ6కి ఒక బెల్టు కాదు, మూడు. ముందు పెద్దది ఒకటి, వెనక ఒక్కో హెడ్డుకి చిన్నది ఒక్కోటి. 90,000 మైళ్ళకో ఆరేళ్ళకో, ఏది ముందొస్తే దానికి మార్చాలి. ప్రత్యేకమైన టూల్స్ కావాలి, జెడ్‌ఎస్ బానెట్ కింద చోటు ఇరుకు, అందుకని చాలా గ్యారేజీలు ఈ పని ముట్టుకోవు. చేసేవాళ్ళు కొన్ని వందల పౌండ్లు అడుగుతారు. అమ్మే మనిషి "బెల్టు మార్చాం" అంటే "మూడూ మార్చారా, ఎప్పుడు" అని అడగండి. మైళ్ళు తక్కువ తిరిగాయి కాబట్టి బెల్టు బాగానే ఉంటుందన్న మాట నమ్మొద్దు. రబ్బరుకి వయసే శత్రువు.

ఇంకోటి, రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ ఉంటుంది. అది పగిలితే కారిన కూలెంట్ ఇంజిన్ పైనే నిలిచిపోతుంది, నేల మీద చుక్క పడదు. టార్చ్ వేసి ఆ లోయలోకి చూడండి. తడిగానో, ఎండిపోయిన మరకలుగానో ఉంటే మానిఫోల్డ్ ఎత్తాల్సిన పని మీ కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఇన్‌లెట్ మానిఫోల్డ్ మీదుండే, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిని మార్చే వీఐఎస్ మోటార్లు కూడా పాడవుతుంటాయి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ప్లాస్టిక్ కొట్టుకుంటున్న చప్పుడొస్తే వాటినే అనుమానించండి. ఇది బండిని ఆపే లోపం కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

నాలుగు సిలిండర్ల జెడ్‌ఎస్ కూడా ఉంది. సస్పెన్షన్ అదే కాబట్టి 180 ఖర్చు భరించలేమనుకునే వాళ్ళకి జెడ్‌ఎస్ 110, అంటే 1.6 ఇంజిన్‌ది, తెలివైన ఎంపిక. ముక్కు మీద బరువు తక్కువ కావడంతో మలుపుల్లో అది ఇంకొంచెం చులాగ్గా తిరుగుతుంది కూడా.

## జెడ్‌టీ: కుటుంబం ఉన్నవాళ్ళ ఎంజీ

రోవర్ 75 బీఎండబ్ల్యూ డబ్బుతో తయారైంది. ఆ సంగతి డోరు మూసినప్పుడే తెలుస్తుంది. బాడీ గట్టిగా ఉంటుంది, లోపల నిశ్శబ్దం, తుప్పు మిగతా రెండింటి కంటే ఆలస్యంగా పడుతుంది. జెడ్‌టీ ఆ హాయిని చాలావరకు అలాగే ఉంచి, మోటర్‌వే మీద, పల్లె రోడ్ల మీద నమ్మకంగా పట్టు నిలిపే కారైంది. బరువు దాదాపు టన్నున్నర కాబట్టి జెడ్‌ఎస్ చురుకు దీనికి రాదు. 190 గేర్లు మనమే మార్చుకునేది. ఇదే ఇంజిన్‌తో ఐదు గేర్ల ఆటోమేటిక్ కూడా ఉంది, దాన్ని 180 అంటారు. వెనక సామాన్ల చోటు పొడుగ్గా ఉండే ఎస్టేట్ రకం జెడ్‌టీ-టీ. ఇద్దరు పిల్లలు, వాళ్ళ సైకిళ్ళు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసులు అన్నీ పట్టే స్పోర్టీ బండి ఈ ధరలో ఇంకోటి దొరకడం కష్టం.

వీ6 గురించి జెడ్‌ఎస్ దగ్గర చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది. అదనంగా జెడ్‌టీకి సొంత జబ్బులు కొన్నున్నాయి. ముందు స్ప్రింగులు విరుగుతుంటాయి, ఎం.ఓ.టి. (బ్రిటన్‌లో ఏటా చేయించాల్సిన కారు ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్రలో ఆ మాట తరచుగా కనిపిస్తుంది. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతుంటే క్లచ్ హైడ్రాలిక్స్ పోయినట్టు. దాని స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, అంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. విండ్‌స్క్రీన్ కింద నీళ్ళు పోయే కాలువలు ఆకులతో మూసుకుపోతే నీళ్ళు నిండి ఇంజిన్ కంప్యూటర్ పెట్టె దాకా చేరతాయి. కారు చెట్టు కింద పెట్టే ఇల్లయితే అది ముందే చూడండి. రేడియేటర్ ఫ్యాన్ తక్కువ స్పీడులో తిరగడం మానేయడం కూడా మామూలే. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరగాలి, తిరగకపోతే అడగండి.

జెడ్‌టీ టెంపరేచర్ ముల్లును ఎక్కువ నమ్మొద్దు. వేడి చాలా తేడాతో మారుతున్నా అది మధ్యలోనే నిలబడి ఉండేలా చేశారు. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. అయితే ఈ మీటర్లో దాగిన డయాగ్నస్టిక్ మోడ్ ఒకటుంది. దాన్ని తెరిస్తే ఓడోమీటర్ చోట కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. ఓనరుకి అది తెలిసి, టెస్ట్ డ్రైవ్‌లో తెరిచి చూపించగలిగితే, ఆ కారును శ్రద్ధగా చూసుకున్నారని నాకు నమ్మకం కలుగుతుంది.

ఏ సంవత్సరానిది కొనాలన్నది కూడా జెడ్‌టీ దగ్గర ముఖ్యమే. డబ్బు అయిపోతున్న రోజుల్లో కంపెనీ ప్రాజెక్ట్ డ్రైవ్ అనే పేరుతో కార్లలోంచి చిన్న చిన్న వస్తువులు తగ్గించుకుంటూ పోయింది. అందుకే 2001, 2002 కార్లలో లోపలి పనితనం మెరుగ్గా అనిపిస్తుంది. 2004లో వచ్చిన కొత్త ముఖం కొందరికి నచ్చుతుంది, నాకు మొదటి నాలుగు గుండ్రటి దీపాల ముఖమే ఇష్టం.

1.8 టర్బో జెడ్‌టీ కాగితం మీద పొదుపైనది. గాస్కెట్ సరైన పద్ధతిలో మార్చిన బిల్లు చేతిలో పెట్టకపోతే మాత్రం దాని జోలికి పోవద్దు. డీజిల్ జెడ్‌టీలో బీఎండబ్ల్యూ ఇంజిన్ ఉంటుంది, బెల్టు బదులు చైను, చాలా దూరాలు తిరుగుతుంది. ఊళ్ళమ్మట, పల్లెల్లో ఉండేవాళ్ళకి మంచి బండి. కింద చెప్పే క్లీన్ ఎయిర్ రూల్స్ వల్ల లండన్, బర్మింగ్‌హామ్ వాళ్ళకి మాత్రం పనికిరాదు.

జెడ్‌టీ 260 సంగతి వేరు. ముందు చక్రాలతో నడిచే కారుని విప్పి, ఫోర్డ్ 4.6 లీటర్ల వీ8 పెట్టి, వెనక చక్రాలకు శక్తి పంపేలా మార్చారు. అంత డబ్బు ఇబ్బందిలో ఉన్న కంపెనీ అంత సాహసం చేసిందంటే ఆశ్చర్యమే. తయారైనవి చాలా తక్కువ, ధర మిగతా వాటికి కొన్ని రెట్లు. దాచుకోవడానికి కొనేవాళ్ళ కారది.

## మీ పరిస్థితిని బట్టి

ఈ మధ్యే బ్రిటన్ వచ్చారా? భారత లైసెన్స్‌తో ఇక్కడ పన్నెండు నెలలు నడపొచ్చు, కానీ ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ లైసెన్స్‌కి చాలా ఎక్కువ అడుగుతారు. జెడ్‌ఎస్ 180కి అయితే ఇన్సూరెన్స్ కారు ధరను దాటిపోవచ్చు. జెడ్‌ఆర్ 105 చూసుకోండి, లేదంటే ఇక్కడి లైసెన్స్ వచ్చి నో క్లెయిమ్స్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయకుండా గడిపిన కాలం) రెండేళ్ళు పోగయ్యేదాకా ఆగండి. ఆగడమే మంచిదని నేనంటాను. ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరి రాత్రి డ్యూటీలు చేసే డాక్టరుకి రోజూ స్టార్ట్ కావాల్సిన ఏకైక బండిగా ఇరవై ఏళ్ళ కారు టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు. రోజువారీ పనికి ఇంకో కారు ఉన్నప్పుడే వీటిని ఆనందించగలరు.

టెస్ట్ ఆటోమేటిక్‌లో పాసయ్యారా? ఆ లైసెన్స్‌తో క్లచ్ ఉన్న కారు నడపకూడదు. అప్పుడు మీకు మిగిలేది దాదాపు జెడ్‌టీ 180 ఒక్కటే. జెడ్‌ఆర్, జెడ్‌ఎస్‌లలో స్టెప్‌స్పీడ్ అనే సీవీటీ రకం ఆటోమేటిక్ ఉంది గానీ, ఈ వయసులో అది పాడైతే బాగుచేయించే ఖర్చు కారు విలువకు మించిపోతుంది.

లండన్‌లో ఉంటే యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లకి రోజువారీ రుసుము వేసే ప్రాంతం, చూసుకోవాలి. 2023 ఆగస్టు నుంచి అది లండన్‌లోని అన్ని బరోలకీ (నగర పాలనా విభాగాలకీ) వర్తిస్తోంది. అర్హత లేని కారు కదిలిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున క్లీన్ ఎయిర్ జోన్‌లో 8 పౌండ్లు. ఈ వరుసలోని డీజిళ్ళు ఏవీ అర్హత పొందవు. పెట్రోలు కార్లలో కొన్ని పాసవుతాయి, కొన్ని కావు. ఒకే మోడల్లో కూడా తేడా ఉండొచ్చు, కాబట్టి కారు చూడ్డానికి బయల్దేరే ముందే నంబరు ప్లేటుతో ఆన్‌లైన్‌లో చెక్ చేసుకోండి.

రోడ్ టాక్స్ పొగలో ఉండే కార్బన్ డయాక్సైడ్ లెక్కన పడుతుంది. వీ6 కార్లకి ఏడాదికి 400 పౌండ్లు దాటే అవకాశం ఉంది. 2006 మార్చి 23 కంటే ముందు రిజిస్టరైన కార్లకి ఒక గరిష్ఠ పరిమితి ఉండటం వల్ల అంతకంటే మరీ పైకి పోదు. ఏడాదికి మూడు నాలుగు వేల మైళ్ళు తిరిగేవాళ్ళకి క్లాసిక్ ఇన్సూరెన్స్ పాలసీలు ఉన్నాయి. ఇంట్లో ఇంకో కారు ఉండాలి, కొంత వయసు, అనుభవం ఉండాలి అని అడుగుతారు. కుదిరితే మామూలు పాలసీ కన్నా బాగా తగ్గుతుంది.

ఈ లెక్కలన్నీ సరిపోయాక, ఒక్కణ్ణే కూర్చుని కొండదారిలో నడుపుకోవాలి అనుకునేవాళ్ళకి జెడ్‌ఎస్ 180. కుటుంబాన్ని కూడా ఎక్కించుకోవాలి అంటే జెడ్‌టీ 190, అందులోనూ జెడ్‌టీ-టీ. ఖర్చు అదుపులో ఉండాలి, పాత కార్లతో ఇదే మొదటి పరిచయం అంటే జెడ్‌ఆర్ 105. జెడ్‌ఆర్ 160 మాత్రం వీవీసీ గురించి తెలిసిన మెకానిక్ దగ్గర్లో ఉన్నవాళ్ళకే.

రిటైరయ్యాక ఇండియాకి పట్టుకెళ్దాం అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మామూలు రూల్స్ ప్రకారం మూడేళ్ళు దాటిన వాడిన కార్ల దిగుమతికి మన దేశంలో అనుమతి లేదు.

## కారు ముందు నిలబడినప్పుడు

బయల్దేరే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి ఎం.ఓ.టి. చరిత్ర చదవండి, అది ఉచితం. ప్రతి ఏడాదీ ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎక్కడ తుప్పు మొదలైంది, ఏ సలహాని ఓనరు మూడేళ్ళు పట్టించుకోలేదు, అన్నీ అందులో ఉంటాయి. తుప్పు సలహా ఒక ఏడాది కనిపించి మరుసటి ఏడాది మాయమైతే, వెల్డింగ్ చేశారా, పైన నల్లటి అండర్‌సీల్ పూసి కప్పారా అన్నది కారు కిందికి వంగి చూడాలి.

"నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దండీ" అని ఫోన్లోనే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకో అడగాలి. చల్లగా ఉన్న ఇంజిన్ మీద కూలెంట్ ట్యాంక్ మూత తీయండి. లోపల నారింజో, ఎరుపో, నీలమో స్పష్టమైన రంగు నీళ్ళు కనపడాలి. మూత అడుగున కాఫీరంగు మీగడ లాంటిది అంటుకుని ఉంటే ఆయిలూ నీళ్ళూ కలిసినట్టే, అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఆయిల్ మూత కింద కొంచెం తెల్లటి తేమ ఉంటే అంత భయం లేదు. చలికాలం చిన్న దూరాలు తిరిగే కార్లలో అది వస్తుంది.

ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా నడపండి, అందులో కొంత మోటర్‌వే ఉండాలి. హీటర్ పూర్తిగా తిప్పి వేడిగాలి నిలకడగా వస్తోందో చూడండి. వేడి వచ్చి ఆగి మళ్ళీ వస్తుంటే లోపల గాలి చేరింది, అంటే కూలెంట్ ఎక్కడో పోతోంది. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టి ఫ్యాన్ తిరిగేదాకా ఆగండి. ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం ఇంకోసారి చూడగలిగితే మరీ మంచిది.

తాళాలు రెండు ఉన్నాయా, రెండిటి రిమోట్లూ పనిచేస్తున్నాయా చూడండి. కొత్త తాళం కారుకు నేర్పించాలంటే టీ4 అనే పాత రోవర్ డయాగ్నస్టిక్ మెషీన్ ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. స్పేర్ పార్టుల విషయంలో మీరనుకునేంత భయం అక్కర్లేదు. లింకన్‌లోని రిమ్మర్ బ్రదర్స్ లాంటి వ్యాపారులు సర్వీసు సామాను ఇప్పటికీ అమ్ముతున్నారు. కష్టమల్లా లోపలి ట్రిమ్, బంపర్లు, లైట్లు లాంటి వాటితోనే, అందుకే విరిగిన బంపరున్న కారుకి ధర గట్టిగా తగ్గించమనండి. ఎంజీ కార్ క్లబ్‌లో చేరితే మీకు దగ్గర్లో మూడు బెల్టులూ మార్చగల మనిషి ఎవరో తొందరగా తెలుస్తుంది. కొనే ముందే చేరడం నయం.

ధర సుమారుగా చెప్పాలంటే, వీ8 తప్ప మిగతావన్నీ కొన్ని వేల పౌండ్లలోపే. కొన్న మొదటి ఏడాదికి కారు ధరలో కనీసం సగం విడిగా పెట్టుకోండి. బెల్టులు, నీళ్ళ పంపు, టైర్లు, బ్రేకు పైపులు ఆ డబ్బుతోనే అవుతాయి. వెయ్యి పౌండ్లు తక్కువకొచ్చిన బిల్లులు లేని కారు ఆ వెయ్యిని ఆరు నెలల్లో మింగేస్తుంది.

బేరం కుదిరాక డబ్బు ఇచ్చే ముందు లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న ఛాసిస్ నంబరు, విండ్‌స్క్రీన్ కింద కనిపించే నంబరు ఒకటేనా చూడండి. కారు మీద ఫైనాన్స్ బాకీ ఉందేమో కొన్ని పౌండ్లు కట్టి చెక్ చేయించండి. పాత ఓనరు కట్టిన రోడ్ టాక్స్ మీకు రాదు. లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ చీటీ చింపి తీసుకుని, ముందు ఫోన్లో ఇన్సూరెన్స్ మొదలుపెట్టి, ఆ చీటీ మీదున్న పన్నెండు అంకెల నంబరుతో టాక్స్ కట్టాకే కారు రోడ్డెక్కించాలి.